ముద్రా, విశ్వకర్మ, పీఎంఈజీపీ, స్టాండప్ ఇండియా, గ్రూపు లోన్: ఒడిశా సరిహద్దు తెలుగువాళ్లు ఏది ముందు తీసుకోవాలి?

పర్లాకిమిడిలో మా జనసేవా కేంద్రానికి వచ్చినవాళ్లు కుర్చీలో కూర్చోగానే అడిగే మొదటి మాట "బాబూ, సబ్సిడీ ఎందులో ఎక్కువ?" అనే. నేను తిరిగి అడిగేది ఇంకోటి. ఇంట్లో ఇప్పటిదాకా ఎవరైనా, ఏ పేరు మీదైనా, ఏ లోన్ అయినా తీసుకున్నారా? ఈ ప్రశ్న వినగానే కొంతమందికి చిరాకేస్తుంది, కానీ ఎస్సీలకు, ఎస్టీలకు, బీసీలకు, ఆడవాళ్లకు సొంత వ్యాపారం పెట్టించాలని ప్రభుత్వాలు తెచ్చిన పథకాల్లో చాలావాటికి ఒక గుణం ఉంది, ఒకటి తీసుకుంటే ఇంకోదానికి తలుపు మూసుకుపోతుంది. అందుకే ఏది పెద్దది అన్నదానికంటే ఏది ముందు అన్నదే చూసుకోవాలి.

మా ఇంట్లోనే జరిగింది. మా వదిన కుట్టుపని చేస్తుంది. ఎవరో తొందరపెడితే ముద్రా శిశు (ముద్రాలో అన్నిటికంటే చిన్న లోన్) కింద 50,000 తీసుకుని మిషన్ కొనుక్కుంది. కొన్నాళ్లకి 2023 సెప్టెంబర్ 17న పీఎం విశ్వకర్మ వచ్చింది. 18 రకాల చేతిపనులవాళ్లకి, అందులో దర్జీలూ ఉన్నారు, పనిముట్లకి 15,000, శిక్షణ రోజుల్లో రోజుకి 500, తర్వాత 5 శాతం వడ్డీకి మొదట లక్ష, అది తీర్చాక 2 లక్షలు. వదిన కోసమే పెట్టారా అన్నట్టుంది కదా. తీరా అప్లై చేస్తే కుదరలేదు. గత 5 ఏళ్లలో ముద్రా, స్వనిధి (వీధి వ్యాపారుల లోన్), పీఎంఈజీపీ (కొత్త యూనిట్‌కి సబ్సిడీతో వచ్చే లోన్) లాంటివి తీసుకున్నవాళ్లకి విశ్వకర్మ రాదు, ముద్రా, స్వనిధి పూర్తిగా తీర్చేసి ఉంటే మాత్రం మినహాయింపు ఉంది. ఆమెకి ఇంకా కిస్తీలు నడుస్తున్నాయి. ఆ రోజు ఫారం నింపింది నేనే, ముందే చూసుకోలేదే అన్న బాధ నాకు ఇప్పటికీ ఉంది.

కాబట్టి చేతిపని ఉన్నవాళ్లు, కమ్మరి, వడ్రంగి, కుమ్మరి, చెప్పులు కుట్టేవాళ్లు, మంగలి, చాకలి, బుట్టలు అల్లేవాళ్లు, వలలు అల్లేవాళ్లు, తాపీ మేస్త్రీలు, వీళ్లంతా ముద్రా జోలికి వెళ్లకముందే విశ్వకర్మ చూసుకోండి. కుటుంబంలో ఒక్కరికే ఇస్తారు, కాబట్టి ఎవరి చేతిలో పని నిజంగా ఉందో వాళ్ల పేరే పెట్టండి. బడిలోనో ఆఫీసులోనో ప్రభుత్వ ఉద్యోగం ఉన్న ఇంట్లో ఇది కుదరదు.

ముందు కాగితం సంగతి

ఇది కొంచెం పెద్ద కథ, కానీ సరిహద్దులో ఉన్నవాళ్లకి దీనికంటే ముఖ్యమైంది లేదు.

కులం సర్టిఫికెట్ రాష్ట్రానికి కట్టుబడి ఉంటుంది. శ్రీకాకుళం జిల్లాలో ఎస్సీ లేదా ఎస్టీ అయినవాళ్లు ఒడిశాకి వచ్చి స్థిరపడితే ఆ హోదా వాళ్లతో పాటు ఇక్కడికి రాదు. 1990లో సుప్రీంకోర్టు చెప్పిన మాట ఇది, అది కూడా మన తెలుగువాడి కేసులోనే. మర్రి చంద్రశేఖరరావు తెనాలిలో పుట్టాడు, తండ్రి ఉద్యోగం వల్ల బొంబాయి చేరి అక్కడి మెడికల్ కాలేజీలో ఎస్టీ సీటు అడిగాడు. ఆంధ్రాలో ఎస్టీ అయినంత మాత్రాన మహారాష్ట్రలో ఎస్టీ అవ్వవు అని కోర్టు అంది. 2018లో బీర్‌సింగ్ కేసులో అయిదుగురు జడ్జీల బెంచి కూడా రాష్ట్రాల విషయంలో అదే మాట మీద నిలబడింది.

అలాగని భయపడక్కర్లేదు. గజపతి, రాయగడ, కోరాపుట్, గంజాం జిల్లాల్లో తరతరాలుగా ఉన్న తెలుగు కుటుంబాలు వలస వచ్చినవాళ్లు కాదు, 1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరే రాష్ట్రంగా ఏర్పడి గీత మారితే గీతకి ఇటువైపు పడినవాళ్లు. ఒడిశా ఎస్సీ జాబితాలో ఆది ఆంధ్ర అన్న పేరే ఉంది. మాల, మాదిగ, రెల్లి, పైడి ఉన్నాయి. సవర, గదబ, జాతాపు వాళ్లు ఇక్కడ ఎస్టీ జాబితాలో ఉన్నారు. అడిగేది ఒక్కటే, మీ తాతలు 1950కి ముందు నుంచీ ఇక్కడివాళ్లే అన్న ఆధారం. ఎస్సీ ఉత్తర్వు 1950 ఆగస్టు 10న, ఎస్టీ ఉత్తర్వు సెప్టెంబర్ 6న వచ్చాయి కాబట్టి ఆ తేదీల లెక్క చూస్తారు. పాత భూమి పట్టా, బడి రిజిస్టర్ నకలు, ఏదున్నా పారేయకండి.

అసలు తంటా పేరు దగ్గర వస్తుంది. బడి సర్టిఫికెట్‌లో ఇంటిపేరు ముందు ఉంటుంది, ఆధార్‌లో చివరికి పోతుంది, తాత పేరు మీద ఉన్న ఒడియా పట్టాలో అసలు ఇంటిపేరే ఉండదు, "అప్పన్న" అని రాసి పక్కన తండ్రి పేరు ఉంటుంది, అంతే. ఒక ఆఫీసులో మా సొంత కాగితాలే ముగ్గురు వేరువేరు మనుషులవని వెనక్కి పంపారు. అఫిడవిట్ వేసి, వార్డు మెంబరు చేత వంశవృక్షం రాయించి, రెండోసారి పెడితే వచ్చింది. మీరు లోన్ గురించి ఆలోచించే ముందే ఈ మూడు కాగితాలూ పక్కపక్కన పెట్టి అక్షరం అక్షరం చూసుకోండి.

బీసీలకి ఇంకో చిక్కు. ఆంధ్రా వైపు బీసీ-ఏ, బీసీ-డి అని రాసి ఇచ్చే సర్టిఫికెట్ ఇక్కడ నడవదు. ఒడిశాలో రాష్ట్రం పనులకి ఎస్‌ఈబీసీ (సామాజికంగా, చదువులో వెనకబడిన వర్గాలు) అంటారు, కేంద్రం పనులకి ఓబీసీ సర్టిఫికెట్ వేరే తీసుకోవాలి. రెండూ తహసీల్దారే ఇస్తారు కానీ రెండూ ఒకటి కావు.

ఇక కోడళ్ల సంగతి. పాతపట్నం, టెక్కలి, మెళియాపుట్టి నుంచి ఇటు పెళ్లయి వచ్చినవాళ్లు ప్రతి వీధిలో ఉన్నారు. కులం పుట్టింటి నుంచే లెక్క, మెట్టినింటి నుంచి కాదు, కాబట్టి ఆంధ్రాలో ఎస్సీ అయిన అమ్మాయికి ఇక్కడ ఎస్సీ సర్టిఫికెట్ దగ్గర పేచీ వస్తుంది. ఆ పేచీ తేలేదాకా ఆగక్కర్లేదు. పీఎంఈజీపీలో ఆడవాళ్లకి ఎస్సీ, ఎస్టీలతో సమానంగా అవకాశం ఉంది, 2025 మార్చి దాకా నడిచిన స్టాండప్ ఇండియాలోనూ ఉండేది. కులం గడి వదిలేసి మహిళ గడిలో టిక్ పెట్టండి, ఆ గడికి ఆధార్ కార్డే చాలు. ఈ ఒక్క మాట తెలియక ఏడాది పైగా తహసీల్ చుట్టూ తిరిగినవాళ్లని చూశాను.

పీఎంఈజీపీ: తయారీ పని అయితే మొదట ఇదే

నా మటుకు నాకు ఏదైనా తయారుచేసే యూనిట్ పెట్టాలంటే దీన్ని మించింది లేదు. 2008లో మొదలైంది. 2022లో హద్దులు పెంచారు, ఇప్పుడు తయారీకి 50 లక్షల దాకా, సేవలకి 20 లక్షల దాకా ప్రాజెక్టు పెట్టొచ్చు. మామూలు వర్గానికి సబ్సిడీ పల్లెలో 25 శాతం, టౌన్లో 15 శాతం, సొంతంగా 10 శాతం పెట్టాలి. ఎస్సీ, ఎస్టీ, ఓబీసీ, మైనారిటీ, మహిళలు, వికలాంగులు, మాజీ సైనికులు, ట్రాన్స్‌జెండర్ వ్యక్తులకి పల్లెలో 35, టౌన్లో 25, సొంత వాటా 5 శాతమే.

ఇక్కడివాళ్లకి బాగా పనికొచ్చే సంగతి ఒకటుంది, చాలామందికి తెలియదు. 2022 నుంచి ఆకాంక్షిత జిల్లాల (వెనకబడ్డాయని కేంద్రం గుర్తించిన జిల్లాల) వాళ్లందరినీ ఈ ప్రత్యేక వర్గంలోనే లెక్కేస్తున్నారు. గజపతి, రాయగడ, కోరాపుట్, మల్కనగిరి, నవరంగపూర్ ఆ జాబితాలో ఉన్నాయి. గంజాం లేదు. అంటే గంజాంలోని బరంపురం పక్క పల్లెలో ఓసీ మగాయనకి 25 శాతం వస్తే, అదే మనిషి రాయగడలోని గుణుపురం పక్క పల్లెలో యూనిట్ పెడితే 35.

ఇంకోటి, పల్లె అంటే పంచాయతీ, టౌన్ అంటే మున్సిపాలిటీ. పర్లాకిమిడి మున్సిపాలిటీ, కాశీనగర్ ఎన్ఏసీ (చిన్న టౌన్ కౌన్సిల్), రెండూ టౌన్ లెక్కే. షెడ్డు హద్దు దాటి పక్క పంచాయతీలో వేస్తే 10 లక్షల ప్రాజెక్టు మీద లక్ష రూపాయలు తేడా.

ఒకావిడ సంగతి చెప్తాను. పుట్టిల్లు పాతపట్నం వైపు, అత్తిల్లు కాశీనగర్ దగ్గర పంచాయతీ. పదేళ్లకి పైగా పలాసలో జీడిపిక్కలు కొట్టింది. వచ్చి కూర్చున్నప్పుడు చేతులు చూశాను, వేళ్ల కొసలు జీడి నూనెకి నల్లబడి, తోలు పొరలు లేచి, గీతలన్నవే లేవు. బొటనవేలు మిషన్ మీద పెడితే తీసుకోలేదు, ఆముదం తుడిచి పెట్టింది, ఆరోసారికీ తీసుకోలేదు. కంటిపాపతో పెట్టించాం, అప్పుడు పట్టింది. అయిదో తరగతి దాకా చదువుకుంది. బాయిలర్ ఎంతసేపు పెడితే పప్పు విరగకుండా వస్తుందో, ఏ పిక్కకి ఎంత పప్పు దిగుతుందో ఆమెకి లెక్క నోటి మీద ఉంది, కాగితం మీద లేదు.

తయారీలో 10 లక్షలు దాటితే ఎనిమిదో తరగతి పాసై ఉండాలి, సేవల్లో 5 లక్షలు దాటితే. అందుకని ఆమెది సరిగ్గా 10 లక్షల్లో కట్టాం. బాయిలర్, కటింగ్ మిషన్లు, డ్రైయర్, షెడ్డు అద్దె, కొంత పిక్కలకి పెట్టుబడి. భూమి ధర ఇందులో చేర్చకూడదు, అద్దె మూడేళ్ల దాకా చేర్చొచ్చు. సొంత డబ్బు 50,000. బ్యాంకు 9.5 లక్షలు ఇస్తుంది. సబ్సిడీ 3.5 లక్షలు చేతికి రాదు, ఇది గట్టిగా గుర్తుపెట్టుకోండి, మూడేళ్లు బ్యాంకులో డిపాజిట్‌గా పడి ఉంటుంది. ఆ భాగం మీద వడ్డీ వెయ్యరు, డిపాజిట్ మీద వడ్డీ ఇవ్వరు. మూడేళ్ల తర్వాత మనిషి వచ్చి యూనిట్ నడుస్తోందని చూసి వెళ్తేనే లోన్లోకి మార్చుకుంటారు. మధ్యలో షట్టర్ దించితే సబ్సిడీ వెనక్కి పోతుంది. "సబ్సిడీ రాగానే అప్పు తీర్చేసుకుంటా" అనుకునేవాళ్లకి ఈ పథకం వద్దు అనే చెప్తాను. ఆమె విషయంలో తీర్చాల్సిన అసలు 6 లక్షలు, దాని మీద వడ్డీ.

తాకట్టు గురించి కూడా వినండి. కనీసం 10 లక్షల దాకా చిన్న పరిశ్రమల లోన్‌కి బ్యాంకు తాకట్టు అడగకూడదని రిజర్వ్ బ్యాంకు చెప్పింది. సవర, జాతాపు కుటుంబాలకి ఇది ప్రాణం లాంటిది, ఎందుకంటే షెడ్యూల్డ్ ఏరియాలో గిరిజనుల భూమి గిరిజనేతరుల చేతికి పోకుండా 1956 రెగ్యులేషన్ ఉంది. ఆ చట్టం ఉండాల్సిందే, లేకపోతే ఈపాటికి కొండ కింద సెంటు భూమి మిగిలేది కాదు, కానీ ఆ భూమి చూపించి లోన్ తెచ్చుకోవడం కష్టమే కాబట్టి తాకట్టు లేని హద్దులోనే ప్రాజెక్టు కట్టుకోవడం మేలు.

యూనిట్ కొత్తదై ఉండాలి. ఇప్పటికే నడుస్తున్నదానికి, వేరే ప్రభుత్వ సబ్సిడీ తీసుకున్నదానికి రాదు. కుటుంబానికి ఒక్కటే. ఇప్పటికే చిన్న జీడి షెడ్డో, పచ్చళ్ల పనో, పిండి మిల్లో ఉండి పెంచుకోవాలనుకునేవాళ్లు పీఎంఎఫ్‌ఎంఈ వైపు వెళ్లండి. 2020లో తిండి సరుకుల చిన్న యూనిట్ల కోసం పెట్టింది, పాతవాటికీ ఇస్తారు, కులంతో సంబంధం లేకుండా 35 శాతం, గరిష్ఠంగా 10 లక్షలు, సొంత వాటా 10 శాతం. ఈ రెండు పథకాలూ 2025-26 ఆర్థిక సంవత్సరం దాకా లెక్కగట్టి పెట్టినవి, అందుకని అప్లై చేసే రోజున పోర్టల్ తెరిచి ఉందో లేదో చూసుకుని కొటేషన్లకి డబ్బు పెట్టండి.

అప్లికేషన్‌కి రూపాయి ఫీజు లేదు. డీఐసీకి (జిల్లా పరిశ్రమల కేంద్రం) గానీ, ఖాదీ బోర్డుకి గానీ, కేవీఐసీకి (కేంద్ర ఖాదీ కమిషన్) గానీ ఆన్‌లైన్లోనే వెళ్తుంది. "సాంక్షన్ చేయిస్తా, ఇంత ఇవ్వు" అన్నవాడిని గుమ్మంలోంచే పంపేయండి. లోన్ ఇచ్చేదీ ఇవ్వనిదీ చివరికి బ్యాంకు మేనేజరే, ఆయన చూసేది మీ సిబిల్ (పాత అప్పులు ఎలా కట్టారో చెప్పే స్కోరు), మీ పని మీకు తెలుసా లేదా అన్నది. మైక్రోఫైనాన్స్ వారపు కిస్తీ ఒకటి రెండు ఎగ్గొట్టి ఉంటే ముందు అది తీర్చుకుని వెళ్లండి.

స్టాండప్ ఇండియా సంగతి

2016 ఏప్రిల్ 5న వచ్చింది, గడువు 2025 మార్చి 31తో ముగిసింది. ప్రతి బ్యాంకు బ్రాంచీ కనీసం ఒక ఎస్సీ లేదా ఎస్టీకి, ఒక మహిళకి 10 లక్షల నుంచి కోటి దాకా కొత్త వ్యాపారానికి ఇవ్వాలన్నది రూలు. ఇందులో సబ్సిడీ ఉండేది కాదు. ప్రాజెక్టులో 85 శాతం దాకా లోన్, మిగతా 15లో కొంత వేరే పథకం నుంచి తెచ్చుకునే వీలుండేది గానీ కనీసం 10 శాతం సొంత జేబులోంచి పెట్టాల్సి వచ్చేది. తీర్చడానికి ఏడేళ్లు, మొదట్లో 18 నెలల దాకా అసలు కట్టకుండా వెసులుబాటు ఉండేది.

20 లక్షల యూనిట్ తీసుకోండి. పల్లెలో తయారీ అయితే పీఎంఈజీపీలో సొంతంగా లక్ష పెట్టి, 7 లక్షల సబ్సిడీ లెక్కలో పడుతుంది. స్టాండప్‌లో కనీసం 2 లక్షలు పెట్టి, ఇంకో లక్ష వేరే పథకం నుంచి తెచ్చుకున్నా, 17 లక్షలు వడ్డీతో తీర్చాల్సి వచ్చేది. మరి దీనికెవరు వెళ్లేవాళ్లంటే వ్యాపారం చేసేవాళ్లు. హార్డ్‌వేర్ షాపు, ఎరువుల దుకాణం, హోల్‌సేల్ బట్టలు, ఇలాంటి కొనుగోలు అమ్మకాలకి పీఎంఈజీపీ అంత సరిపడదు. సేవల్లో 20 లక్షలు దాటే పనికి, తయారీలో 50 లక్షలు దాటేదానికి ఇదే దారిగా ఉండేది. 2025-26 బడ్జెట్‌లో మొదటిసారి వ్యాపారం పెట్టే 5 లక్షల మంది మహిళలకి, ఎస్సీ, ఎస్టీలకి 2 కోట్ల దాకా టర్మ్ లోన్లని కొత్త పథకం ప్రకటించారు. బ్రాంచీకి వెళ్లినప్పుడు పాత పేరు చెప్పి ఊరుకోకుండా ఈ బడ్జెట్ మాట కూడా ఎత్తండి.

స్టాండప్ కొత్త వ్యాపారానికే ఇచ్చేవాళ్లు. మొదటిసారి పెడుతున్నదై ఉండాల్సి వచ్చేది. కంపెనీ అయితే 51 శాతం వాటా ఎస్సీ, ఎస్టీ లేదా మహిళదే ఉండాలన్నది రూలు. ఇక్కడే నాకు కడుపు మండే సంగతి ఉంది. టౌన్లో డబ్బున్నాయన వచ్చి కొండ మీది కుర్రాడితో "నీ పేరు మీద తీద్దాం, నెలకి ఇంతిస్తా" అంటాడు. పిల్లాడు సంతకం పెడతాడు. వ్యాపారం బాగుంటే లాభం ఆయనది, మునిగితే నోటీసు పిల్లాడికి, సిబిల్ పాడయ్యేదీ వాడికే, రేపు నిజంగా ఏదైనా పెట్టుకుందామంటే మొదటిసారి అన్న హక్కు కూడా అయిపోయి ఉంటుంది. ఇలాంటి ఫారాలు నా దగ్గరికి వస్తే నింపను. మీ అన్నదమ్ములో, పాలేరో ఎవరైనా ఇలాంటి సంతకానికి సిద్ధపడుతుంటే ఆ రాత్రే వెళ్లి కూర్చుని చెప్పండి.

గ్రూపు లోన్, ముద్రా, మిగతావి

చింతపండు, అడ్డాకుల విస్తర్లు, అప్పడాలు, పచ్చళ్లు, ఇలాంటి సీజన్ పనులకి మిషన్ శక్తి (ఒడిశా మహిళా పొదుపు సంఘాల కార్యక్రమం) గ్రూపు చాలు. 2001 మార్చి 8న మొదలైన కార్యక్రమం, టైముకి కడితే ఒక హద్దు దాకా గ్రూపు లోన్ మీద వడ్డీని రాష్ట్రమే భరిస్తుంది. తీర్మానం పుస్తకం ఒడియాలో రాస్తారు కాబట్టి మన ఆడవాళ్లు చదవలేక సంతకం పెట్టేస్తుంటారు, అలా పెట్టకండి, బడికెళ్లే పిల్లని పక్కన కూర్చోబెట్టుకుని ఎవరి పేరుకి ఎంత రాశారో చదివించుకోండి. ఒకరు ఎగ్గొడితే భారం అందరి మీదా పడుతుంది. ఒడిశా ప్రభుత్వ పథకం సుభద్ర కింద 21 నుంచి 60 ఏళ్ల ఆడవాళ్లకి ఏడాదికి రెండు విడతల్లో వచ్చే 10,000 అప్పు కాదు, ఎందులోనూ అడ్డం రాదు. పీఎంఈజీపీ సొంత వాటాకి దాన్ని పోగేసుకుంటున్న ఆడవాళ్లని చూస్తే నాకు ముచ్చటేస్తుంది.

ఎస్టీ మహిళలకి జాతీయ గిరిజన ఆర్థిక సంస్థ వారి ఆదివాసీ మహిళా సశక్తీకరణ యోజన ఉంది, 2 లక్షల దాకా పనికి 90 శాతం లోన్, వడ్డీ 4 శాతం. రాష్ట్ర కార్పొరేషన్ ద్వారా అడగాలి. మేకలకో చిన్న షాపుకో ముద్రా కంటే ఇది చవక.

ముద్రాకి సబ్సిడీ లేదు, వడ్డీ బ్యాంకు ఇష్టం, కానీ తాకట్టు లేదు, త్వరగా వస్తుంది. శిశు 50,000, కిశోర్ 5 లక్షలు, తరుణ్ 10 లక్షలు. తరుణ్ సరిగ్గా తీర్చినవాళ్లకి 2024 నుంచి 20 లక్షల దాకా. కిరాణా, టిఫిన్ బండి, సెల్ రిపేరు, వీటికి బాగుంటుంది. మిగతావన్నీ చూసుకుని ఏదీ కుదరదని తేలాక దీనికి వెళ్లండి.

యూనిట్ మొదలయ్యాక ఉద్యమ్ రిజిస్ట్రేషన్ (చిన్న పరిశ్రమగా నమోదు) చేయించుకోండి, ఉచితం. కేంద్ర సంస్థలు కొనే సరుకులో 25 శాతం చిన్న పరిశ్రమల నుంచి, అందులో 4 శాతం ఎస్సీ, ఎస్టీల యూనిట్ల నుంచి, 3 శాతం మహిళల యూనిట్ల నుంచి కొనాలని రూలు ఉంది.

జీడిపిక్కల ఆవిడ ఫైలు ఇప్పుడు బ్యాంకులో ఉంది. మేనేజరు ఒక్కసారి షెడ్డు చూస్తానన్నారట. నిన్న వచ్చి "ఆయనకి పప్పు రుచి చూపించనా, లెక్క చూపించనా?" అని అడిగింది. లెక్క మీ అబ్బాయి చేత నోట్‌బుక్‌లో రాయించి చేతికివ్వమన్నాను, కిలో పిక్కకి ఎంత పప్పు, ఎంత విరిగిన ముక్క, ఎంత కూలి అని.